పళ్ల డాక్టరు చీటీ

సాల్ట్‌బీ,
మార్చి 9

చిరంజీవి రోసలిండ్‌కు,

ఇక్కడ నేను క్షేమం, పిల్లి క్షేమం. సముద్రపు గాలి మాత్రం ఎవరినీ క్షేమంగా ఉండనిచ్చేలా లేదు. అక్కడ వెర్నాక్‌లో నువ్వూ అల్లుడూ పిల్లలిద్దరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. జామ్ సీసాలు అందాయి, ఒకటి అప్పుడే ఖాళీ. ఊరి మొదట్లో ‘వెర్నాక్‌కు జంట ఊరు’ అన్న బోర్డు తీసెయ్యలేదు, పైగా కొత్త రంగు వేశారు. రెండు ఊళ్ల స్నేహం కోసం పెట్టుకున్న మా జంట ఊళ్ల సంఘం మే నెలలో బస్సు మాట్లాడుకుని మీ ఊరు వస్తున్న మాటా నిజమే. ఇరవై ఆరుగురం. ‘ఇక్కడి సంఘం మూతపడి మూడేళ్లయింది కదమ్మా, మీకు ఎదురొచ్చేదెవరు?’ అని అడిగావు. ఆ ఒక్కదానికి జవాబు రాయలేకే ఇన్నాళ్లు ఆలస్యం.

అక్కడి సంఘాన్ని నడిపిన పెరో గారు పోయారని, ఆయనతోపాటే ఆ సంఘమూ పోయిందని అప్పట్లో నువ్వు రాసిన సంగతి నేనిక్కడ ఎవరికీ చెప్పలేదు, తల్లీ.

ఏటా మా సంఘం డిసెంబరు విందులో, పుడ్డింగు రాకముందు, ఆయన ఫ్రెంచిలో రాసిన ఉత్తరాన్ని నేను ఇంగ్లీషులో చదివి వినిపించడం నీకు తెలుసు. ఆ ఏడు ఉత్తరం రాలేదు. అందరూ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. సంచిలో చెయ్యి పెడితే పళ్ల డాక్టరు చీటీ తగిలింది. దాన్నే విప్పి పట్టుకుని నోటికొచ్చిన కుశలాలు చదివేశాను. ఆ తర్వాత రెండేళ్లూ అదే పని. పోయినసారి నోరు ఊరుకోక, ‘మీకోసం ఎదురుచూస్తున్నాం, రండి’ అని కూడా చదివాను. ఆ మాట పట్టుకునే బస్సు మాట్లాడారు.

గురువారం అందరూ కూర్చున్నప్పుడు సిగ్గు విడిచి అంతా చెప్పేశాను. ముప్పై ఏళ్ల స్నేహం ఆ పూటతో సరి అనుకున్నాను. మా అధ్యక్షుడు సిరిల్ హబ్బర్డ్ తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నాకు మొదటేడే తెలుసు, ఈనిడ్. పెరోకి నేనంటే ఒళ్లుమంట. అలాంటోడు నా మోకాలు ఎలా ఉందని అడిగాడని చదివావు చూడు, అప్పుడే అనుకున్నా, పాపం పోయాడని."

మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"మా ఆవిడ పోయాక నా మోకాలి సంగతి అడిగింది ఆ ఉత్తరం ఒక్కటే."

నాకు ఏడుపు ఆగలేదు. బస్సు మానుకుందామని ఒక్కరూ అనలేదు. పెరో గారి సమాధి మీద పూలు పెట్టి రావాలని తీర్మానించారు. నా కార్యదర్శి పదవి మాత్రం వదిలేస్తానన్నా పుచ్చుకున్నవాళ్లు లేరు.

అందుకని, మే పదహారు పొద్దున పదింటికి మీరు నలుగురూ టౌన్‌హాలు ముందు నిలబడండి, చాలు. సిరిల్ బస్సు దిగగానే మోకాలు ఎలా ఉందని అడుగు. ఫ్రెంచిలోనే అడుగు. నేను ఇంగ్లీషులో చెబుతాను, ఈసారి ఉన్నదున్నట్టు.

ఇట్లు,
నోరు ఊరుకోని నీ అమ్మ
ఈనిడ్