టీచరమ్మ తీసిన గుంజీలు

జగ్గయ్యపేట,
శనివారం

అమ్మా జాయిస్,

నా కడుపుమంట నీకు తెలిసిందే. మూడో తరగతిలో పంతులు పెన్ను పోయింది. నా మీద అనుమానపడి అందరి ముందూ గుంజీలు తీయించాడు. సాయంత్రానికి అది ఆయన సంచీలోనే దొరికింది. "పొరపాటయిందిరా ఏలీయా" అన్న ఒక్క మాట అనలేదు. నేను మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఆయన పోయాడు, నా కోపం పోలేదు.

సరే, నీ సంగతి. నందిగామ బడిలో ఉన్నప్పుడు నువ్వు వరండాలో నడుస్తుంటేనే క్లాసులన్నీ గప్‌చిప్. ఆ మాల్దీవుల పిల్లలకి నువ్వంటే లెక్కలేదా? పాఠం మధ్యలో బోటొస్తే లేచి కిటికీ దగ్గరికి పోతారా? నీ ఇంగ్లీషుని వెక్కిరిస్తారా? కొట్టకూడదు, అరవకూడదు, బయట నిలబెట్టకూడదంటే ఇంకెందుకా ఉద్యోగం? ఒకణ్ణి గట్టిగా పట్టుకో. మిగతావాళ్ళు దారికొస్తారు.

పక్కింటి రాజ్యశ్రీ ఈ కాయితాన్ని ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతుంది.

నీ మేలు కోరే మావయ్య,
ఏలీయా

*

గురువారం

ప్రియమైన మావయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేసా. సోమవారం బోర్డు మీద రాస్తుంటే తడిగుడ్డ ఒకటి వచ్చి నా వీపుకి తగిలింది. క్లాసంతా నవ్వు. తిరిగి చూస్తే షాఫీ నిలబడి ఉన్నాడు. రోజూ అల్లరి చేసేది వాడే. "నేను కాదు మిస్" అన్నాడు. వినలేదు. బయటికి పొమ్మన్నా. సంచీ కూడా తీసుకోకుండా ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ బడికి రాలేదు.

నిన్న లీనా అనే పిల్ల ఏడుస్తూ వచ్చి, విసిరింది తనేనని చెప్పింది. మావయ్యా, నాకు నువ్వే గుర్తొచ్చావు. తరగతిలో నిలబడి, షాఫీ తప్పేం లేదు, తప్పు నాదని చెప్పా. తప్పు చేస్తే మా ఊళ్ళో ఇలా చేస్తామని చెవులు పట్టుకుని గుంజీలు తీసా. నవ్వుతారనుకున్నా. ఒక్కరూ నవ్వలేదు. లీనా లేచొచ్చి నా పక్కన నిలబడి తనూ చెవులు పట్టుకుంది.

హెడ్‌టీచరు పిలిచి "ఇక నీ మాట ఎవరు వింటారు?" అన్నారు. షాఫీ వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే, వాడు నాన్నతో చేపల పడవెక్కుతానంటున్నాడని చెప్పింది. నేను పరువు తీసుకున్నానా మావయ్యా?

నీ జాయిస్

*

జగ్గయ్యపేట,
శుక్రవారం

నా తల్లి జాయిస్‌కి,

రాజ్యశ్రీ చదివి వినిపిస్తానంటే వద్దన్నా. కూడబలుక్కుని నేనే చదివా. గుంజీల దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు మండింది. మన ఇంట్లో మొదటి టీచరమ్మవి, పిల్లకాయల ముందు చెవులు పట్టుకోవడమేంటని ఫోను మంచం మీద విసిరేసా. "అది నా ఫోను తాతయ్యా, పగిలిపోద్ది!" అని రాజ్యశ్రీ కేకలు.

కాసేపాగి మళ్ళీ అడిగి తీసుకుని చదివా. ఒకణ్ణి పట్టుకోమన్నది నేనేగా. తప్పని తెలిసాక నువ్వు చేసిన పని చెయ్యడానికి మా పంతులుకి గుండె చాల్లేదు. నాకూ చాలదు. టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పా. "పిల్లల ముందు గుంజీలా!" అని ప్రేమదాసు నవ్వాడు. "నవ్వరా. నీ జన్మలో నీ అంతట నువ్వు ఒక్కటైనా తీసావా?" అన్నా. నీ మాట ఎవరు వింటారని అడిగిందా మీ హెడ్‌టీచరమ్మ? ముందు నేను వింటా.

అయితే పని సగమే అయింది. షాఫీ చూళ్ళేదుగా! వాళ్ళింటికెళ్ళు. అమ్మానాన్నల ముందు, వాడి మొహం చూసి చెప్పు. రమ్మని బతిమాలు. మొదటి వారం పిల్లాడికి బడి మీద ధ్యాస ఉంటుంది. కూలి చేతికొచ్చాక ఇంక ఆ వంక చూడడు. నాకు తెలుసు.

అక్కడ ఆదివారం బడి తెరుస్తారన్నావుగా. అదే రోజు ఇక్కడ చర్చి వదిలేసరికి నాకు జవాబు కావాలి. రాజ్యశ్రీని ఫోను పట్టుకుని మెట్ల మీదే ఉండమన్నా. షాఫీ వచ్చి తన బల్ల మీద కూర్చున్నాడో లేదో రాయి. రాకపోతే, సోమవారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్తున్నానని రాయి.

నిన్ను చూసుకుని మురిసిపోయే మావయ్య,
ఏలీయా