రెండు కామాల మధ్య

మార్చి 4, మంగళవారం
మా కంపెనీ వృద్ధాశ్రమాలకు అమ్మే మాత్రల మెషీన్ ఈ ఉదయం ఒక ఆశ్రమంలో ఫాంగ్ తాతకు మధ్యాహ్నం వేసుకోవలసిన షుగర్ మాత్ర ఇచ్చింది. పరగడుపున మింగి, కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో ఉన్నాడు. మెషీన్ దానంతటదే ఎందుకిస్తుంది, ఆ నర్సే ఏదో తప్పు నొక్కి ఉంటుంది అన్నాడు మేనేజర్ కో. నాకూ అలాగే అనిపించింది. నర్సు షియు-ఛిన్‌ను పనిలోంచి పక్కన పెట్టారట.

మార్చి 5
మెషీన్ చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్ తెరిచాను. ఒక్కో లైన్లో పేరు, ఉదయం మాత్ర, మధ్యాహ్నం మాత్ర, రాత్రి మాత్ర వరసగా, మధ్యలో కామాలతో ఉండాలి. తాత పేరు కొట్టి వెతికితే, ఆ లైన్లో "ఫాంగ్" అని పేరొక్కటే ఉంది. మిగతాదంతా ఎవరో చెరిపేశారు.

మార్చి 5, సాయంత్రం
సర్వర్ పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. నాకు, నాతోపాటు ఈ ప్రోగ్రామ్ రాసిన లియావ్ అన్నకు. నేను చెరపలేదు.

మార్చి 6
నేను వెనకనుంచి వెళ్తే లియావ్ అన్న స్క్రీన్ మూసేస్తున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. పంది మాంసం అన్నం వాసన తగిలితే అందరికంటే ముందు లేచే మనిషి! లాగ్ సంగతి ఎత్తితే, నన్నడుగుతావేంటి, నేనేమన్నా పోలీసునా అని కసిరాడు. మేనేజర్ కోకు చెప్పేద్దామా? రుజువేది?

మార్చి 7
షియు-ఛిన్ అక్క ఫోన్ చేసింది. ఎంతమందికి మందులిచ్చిన చేతులమ్మా ఇవి, వీటిమీదేనా మీ అనుమానం అని ఏడ్చింది. తాత పడిపోయిన ముందురోజు సాయంత్రమే డాక్టర్ ఆయనకు ఉదయం మాత్ర ఆపేశాడట. ఆ గడి ఖాళీగా వదిలానే తప్ప ఇంకేమీ ముట్టుకోలేదని ఒట్టేసింది.
ఖాళీగా. ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు.

మార్చి 7, సాయంత్రం
ఉదయం గడి ఖాళీగా వదిలి తాత లైన్ టైప్ చేసి ప్రోగ్రామ్ నడిపాను. కామా ఉన్నచోటల్లా లైన్ని ముక్కలు చేయడానికి మేము స్ట్ర్‌టాక్ అనే రెడీమేడ్ ఫంక్షన్ వాడాం. రెండు కామాలు పక్కపక్కన ఉంటే దానికి ఒకటే లెక్క. మధ్యలో ఒక ఖాళీ గడి ఉందని దానికి పట్టదు. మధ్యాహ్నం మాత్ర ఉదయానికి జరిగింది. నిద్రమాత్ర మధ్యాహ్నానికి వచ్చి కూర్చుంది. పైగా కోసినచోట కామా తీసేసి, లైను ముగిసిందనే గుర్తుగా సున్నా పెడుతుంది, అసలు లైనే అక్కడ తెగిపోతుంది. మేము లాగ్ రాసేది కోసేశాక. అందుకే పేరొక్కటే మిగిలింది. ఆ రోజు తాత లైన్ ఒక్కటే చూశాను గానీ, ఇప్పుడు చూస్తే అందరివీ అంతే.
ఎవరూ ఏదీ చెరపలేదు.

మార్చి 10
కోకు చూపించాను. లేచి తలుపు మూశాడు. వచ్చే వెర్షన్లో సరిచేద్దాం, అప్పటిదాకా నోరు మెదపకు, ఆవిడకేం, ఇంకెక్కడైనా ఉద్యోగం దొరుకుతుందిలే అన్నాడు.
తిన్నగా లియావ్ అన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. అతను స్క్రీన్ నావైపు తిప్పాడు. నేను చేసిన టెస్టే. నాకంటే ముందే చేశాడు. లాగ్ నువ్వే చెరిపావనుకున్నానమ్మాయ్, అందుకే నీకు కనపడనివ్వలేదు అన్నాడు.
మెషీన్లు వెంటనే ఆపమని ఆశ్రమాలన్నిటికీ మెయిల్ పంపాం. కింద ఇద్దరి పేర్లూ పెట్టాం.

మార్చి 14
తాత ఆసుపత్రి నుంచి ఆశ్రమానికి తిరిగొచ్చాడు. షియు-ఛిన్ అక్కను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. క్షమించమని ఫోన్ చేస్తే, సరేలే అంది. అంతే. కో మా ఇద్దరితో మాట్లాడటం మానేశాడు.

మార్చి 17
లియావ్ అన్న టీ తెచ్చిచ్చాడు. ఎప్పుడూ లేనిది, తాగే ముందు వాసన చూశాను. అతను అది చూశాడు.