కాకి వాలని పిండం

బావా,

ఇయ్యాల నీ ఏడాది తద్దినం. డాబా గోడ మీద పిండం పెట్టి ఎంతసేపు సూసినా ఒక్క కాకీ వాలలేదు. సూపు ఆనని మీయమ్మ ఏడ్సింది. "ఆడి మనసంతా ఆ సైన్స్ ఫిక్షన్ సినిమా డిస్కుల మీదే ఉండిపోనాది. భద్రంగా సూసుకుంతానని మాటియ్యవే," అంది.

ఇచ్చాను. అయ్యి మా నెత్తిమీదే, తీగకి తళతళా ఊగుతన్నాయి. వడియాల మీద కాకులు వాలకుండా నానే కట్టాను.

అదే సినిమా కొత్త ఎడిషనొస్తే మళ్ళీ కొనీవోడివి. సినిమా అయిపోయినా, ఎక్స్‌ట్రాలని మేకింగులూ, తీసేసిన సీన్లూ పెట్టుకుని సూసీవోడివి. నాను కంచం ముందెట్టుకుని కూకునీదాన్ని. పిలిస్తే సెయ్యెత్తి ఆగమనీవోడివి. ఆనక అన్నం సల్లారిపోనాదని కసిరీవోడివి.

తీగ విప్పితే కాకి వచ్చీదే, బావా. విప్పలేదు. కంచం ముందు కూకోడం ఏటో నువ్వూ సూడు.