నేను గుమ్మం దాటిన అమావాస్య

ఉజ్జయినిలో ఉన్న మావారి పాదాలకు కుసుమపురం నుంచి సులస నమస్కరించి రాసుకునేది.

ముందుగా నా రాతను మన్నించాలి. నాకు రెండేళ్ల చదువే చెప్పించారు. గంటం జారి అక్షరాలు వంకరపోతాయి, ఒత్తులు తప్పుతాయి. కూడబలుక్కుని చదవండి. ఇక్కడ అందరం కులాసా. మీరూ గురువుగారూ దారి బడలిక తీరి సుఖంగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారి మోకాళ్ల నొప్పి ఆముదం కాపుతో తగ్గింది. గంగ గట్టుదాకా వచ్చి వెనక్కి పోయింది. నాకు సత్తుపిండి తప్ప ఏదీ సయించడం లేదు, కడుపులో బిడ్డ మాత్రం బాగా కదులుతోంది. గ్రహణం గురువుగారు లెక్కగట్టిన వేళకే పట్టింది. ఆయన అక్కడి రాజసభలో ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఇంకో మాట మీరు అడగలేదు, ఆజ్ఞాపించారు. గ్రహణం నాడు అమ్మ చెప్పినట్టు గదిలోనే ఉండు, ఎందుకైనా మంచిది అని. పెళ్లైన కొత్తలో దీపానికి మారేడుకాయ అడ్డుపెట్టి, "సూర్యుణ్ణి ఏ రాహువూ మింగడే పిచ్చిదానా, చంద్రుడు అడ్డొస్తాడు, అంతే" అని నాకు చూపించింది మీరే కదా. నేను నమ్మాను. మీరు నమ్మలేదా?

ఆ రోజు అత్తయ్యగారు నన్ను గదిలోకి తోశారు. "కదలకుండా పడుకో. గోటితో గీరినా బిడ్డకు మచ్చే. పెద్దదాని సంగతి మరిచావా?" అన్నారు. పెద్దదంటే మీ వదినగారు, వసుదత్తక్క. కడుపుతో ఉండి గ్రహణంవేళ సొరకాయ తరిగిందట, అందుకే కూతురు పాలిక చీలిన పెదవితో పుట్టిందట. ఏళ్లతరబడి అక్క ఆ నింద మోస్తోంది. అప్పుడూ గుమ్మం బయట తల వంచుకుని వింటోంది.

కప్పు గడ్డి చిల్లుల్లోంచి రోజూ నేలమీద గుండ్రంగా పడే వెలుగు చుక్కలు అంచున కొరికినట్టయ్యాయి. చూస్తుండగానే నెలవంకలయ్యాయి. కొన్ని నా పొట్టమీద పడ్డాయి. గ్రహణం నుంచి నన్ను దాచామనుకున్నారు, అదేమో నా గదిలోకే వచ్చి కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. లేచి వాకిట్లోకి వెళ్లాను.

"నీ తెగువ తగలెయ్య! లోపలికి పోవే!"

నేను పెద్దలకు ఎదురు చెప్పేదాన్ని కానని మీకు తెలుసు. అయినా అన్నాను. "చంద్రుడు అడ్డొచ్చాడంతే అత్తయ్యా. మీ అబ్బాయే చెప్పారు."

"వాడు వెయ్యి చెబుతాడు. కనేది వాడా?"

"కనేది నేనేగా. అందుకే వచ్చాను."

ఆవిడ తిట్టుకుంటూ గంగకు గ్రహణస్నానానికి వెళ్లారు. వసుదత్తక్క నా చెయ్యి పట్టుకుని, "పోన్లేవే, మోయడానికి ఇద్దరమయ్యాం, బరువు తగ్గుతుంది" అంది.

ఇప్పుడు అసలు మాట. సూర్యుడు ఇంకా సగమే ఉన్నాడు. నేను కత్తిపీట వాల్చి సొరకాయ తరిగాను. భయం లేదని అబద్ధమాడను. అక్క ఏడుస్తూ ముక్కలు గిన్నెలోకి ఎత్తింది.

బిడ్డ ఎలా పుట్టినా, పెదవి చీలి పుట్టినా సరే, అది నా తప్పు కాదని, అక్క తప్పూ కాదని మీరు ఈ వాకిట్లో మీ అమ్మగారి ముందు నిలబడి చెప్పాలి. సభలో చెప్పడం సులువు. ఇక్కడ చెప్పలేనంటే ముందే రాయండి. పురిటికి పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోతాను.

చదివాక ఈ ఆకు కాల్చేయండి. నాకోసం కాదు. సొరకాయ సంగతి అత్తయ్యగారికి రేపు నేనే చెబుతాను. మీరు నన్ను గదిలో దాక్కోమన్నారని ఇందులో ఉంది. అది గురువుగారి కంటపడితే తలవంపులు మీకే.

ఇట్లు,
మీరు చెప్పింది నమ్మిన మీ ఇల్లాలు,
సులస