అలెప్పో ఇంటి ఇల్లాలు

నాంపల్లి,
ఆదివారం.

నా డోరీ బంగారానికి అమ్మ ముద్దులు, దీవెనలు. ప్రభువు దయవల్ల నేను, మీ వదిన, పాప బాగానే ఉన్నాం. పుణెలో నీ ఒంట్లో ఎట్లా ఉంది? ఇదంతా ఫోన్‌లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

అన్న పోయేముందు సగం రాసి వదిలిన పుస్తకం ఏమైందని అడిగావు. మీ వదిన గన్‌ఫౌండ్రీ బ్యాంకు నుంచి రాగానే మిగతాది రాయడానికి కూర్చుంటోంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చదివి వినిపిస్తుంది. వెయ్యేళ్ల కిందట అలెప్పో అనే ఊరిని మిర్దాసు అనే అరబ్బుల వంశం ఏలిందట. ఒక పక్క రోము చక్రవర్తి, ఇంకో పక్క ఈజిప్టు ఖలీఫా. ఇద్దరికీ కప్పం కట్టి, ఇద్దరికీ దండం పెట్టి బతికారట. "నీ లెక్కనే ఉన్నరు గదా బిడ్డా" అన్నాను. నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నీకు తెలుసు కదా, హిమాయత్‌నగర్ రాబర్ట్ పెదనాన్న పాప తన ఇంట్లోనే పెరగాలంటారు. మెదక్ వియ్యంకుడు కూతురినీ పాపనూ తీసుకుపోతానంటారు. మీ వదిన ఇద్దరికీ సరే అంటూ వచ్చింది. నాకు పాప లేని ఇల్లు తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు.

ఈజిప్టు సైన్యాలు మీదికొచ్చాక అలెప్పో ఇంటి ఇల్లాలే, అంటే రాజు భార్యే, కొడుకును వెంటబెట్టుకుని ఖలీఫా దగ్గరికి పోయి, మాట్లాడి, సంధి చేసుకొచ్చిందట. అది విన్నాక శనివారం నేను వదిననూ పాపనూ తీసుకుని మెదక్ బస్సెక్కాను. పెదనాన్ననూ అక్కడికే రమ్మన్నాను.

పెద్దమనుషులిద్దరూ గొంతులు పెంచారు. సాకలేమా అని వియ్యంకుడు, మా ఇంటి పిల్ల అని పెదనాన్న. నేను మధ్యలో అన్నాను, "బావగారూ, అన్నయ్యగారూ, జర ఆగున్రి. ఇవాంజెలిన్, నీకు యాడ ఉండాలనుంది బిడ్డా?"

అంతవరకు మీ వదినను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"అత్తమ్మ కాడ ఉంట. సెలవులకు పాపను తీస్కొని గీడికొస్త" అంది. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుని పాపను ఒళ్లోకి తీసుకుంది. వియ్యంకుడు పాప తల నిమిరి, సరేనన్నారు. పెదనాన్న మాత్రం, "ముందే అడిగితే నాకు బస్సు కిరాయన్న మిగులుతుండె గదా" అని సణిగి చాయ్ తాగారు.

నీకు చెప్పనిది ఒకటుంది. పోయేటప్పుడు పాప బట్టలన్నీ సంచిలో సర్దుకుని పోయాను. వదిన అక్కడే ఉంటానంటే ఇద్దరినీ దించి ఒక్కదాన్నే రావాలని. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఆ సంచి విప్పి చూసింది. నా భుజం మీద తలపెట్టి పడుకుంది. మీ అన్న పోయాక నేను కూడా నిద్రపోయింది ఆ బస్సులోనే.

దవాఖాన డ్యూటీ అని బిస్కెట్లతో సరిపెట్టకు తల్లీ. వేడన్నం వండుకుని కడుపునిండా తిను.

ఇట్లు,
నీ అమ్మ