రొయ్యలకున్న కౌంటు కంప్యూటర్ సీట్లకు లేకపోవుట గురించి

శ్రీయుత సమన్వయాధికారి గారికి,
ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సహాయ కేంద్రం, నెల్లూరు.

అయ్యా,

విషయం: కంప్యూటర్ సైన్సు సీట్లకు కౌంటు ప్రకటించుట, అందాకా ఆప్షన్ల గడువు పొడిగించుట గురించి.

తోటపల్లి గూడూరు మండలంలో రెండెకరాల రొయ్యల గుంట సాగు చేసుకొను హజరత్తయ్య అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా కుమార్తె పుష్పకుమారి కంప్యూటర్ సైన్సు చదవగోరుచున్నది. కాలేజీల ఆప్షన్లు రేపు సాయంత్రం అయిదింటితో ముగియును. అవి ఖాయం చేయుటకు కావలసిన ఓటీపీ నా ఫోనుకు వచ్చును. సదరు ఫోను నా చొక్కా జేబులో, సదరు చొక్కా నా ఒంటి మీద, ఫోను, చొక్కా, నేను ముగ్గురము గుంట గట్టున మేత షెడ్డులో ఉన్నాము.

2. ఆమె కోరిన కాలేజీ హైవే మీది అద్దాల భవనం. కంప్యూటర్ సైన్సులోనే ఏడాదికి తొమ్మిది వందల మంది. నాలుగేళ్లకు హాస్టలుతో కలిపి తొమ్మిది లక్షలు. కావలి వైపు అరవై సీట్ల పాత కాలేజీ ఒకటున్నది, అక్కడ మూడు లక్షలలో ముగియును. డిగ్రీ ఒకటే, పుస్తకాలు ఒకటే. అద్దాలకు ఆరు లక్షలా అని అడిగినందుకు నాలుగు రోజులుగా ఇంట్లో నాతో మాటలు లేవు. నా భార్య ఆదిశేషమ్మ కూడా అవతలి పక్షమే.

3. విచారణ నిమిత్తం అద్దాల కాలేజీకి స్వయంగా వెళ్లితిని. గేటు వద్ద ఒక అబ్బాయి ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ: 'ప్యాకేజీ నలభై లక్షలు'. అయ్యా, మా దగ్గర రొయ్యలు కొనువాడు పెద్ద రొయ్యనొకదానిని చూసి ధర కట్టడు. గుంటకు నాలుగు మూలలా వల విసిరి, పడినవి తూచి, కిలోకు ఎన్ని వచ్చినవో లెక్కపెట్టును. దానినే కౌంటు అందుము. ముప్పై వస్తే ఒక ధర, వంద వస్తే అందులో సగం కూడా రాదు. కనుక ఆఫీసులోని మేడమ్‌ను అడిగితిని: "ఈ పిల్లోడు సరేనమ్మా, మిగతా ఎనిమిది వందల తొంభై తొమ్మిది మంది ఏమైనారు?" ఆ మేడమ్ నాకు కాఫీ ఇప్పించి, రంగుల పుస్తకం చేతిలో పెట్టినది. అందులోనూ ఆ పిల్లోడే.

4. ఇక లాభం లేదని ఎదుటి టీ బంకు వద్ద నేనే వల వేసితిని. నిరుడు పాసై, సర్టిఫికెట్ల కోసం వచ్చినవారు పదిమంది పడినారు. ముగ్గురికి కంప్యూటర్ ఉద్యోగం. ఒకడు ఫోన్లు అమ్ముచున్నాడు. ఇద్దరు బెంగళూరులో మళ్లీ డబ్బు కట్టి అవే పాఠాలు నేర్చుకొనుచున్నారు. మిగిలినవారు "చూస్తా ఉండాం అంకుల్" అన్నారు.

5. గుంటలో రొయ్య పిల్ల ఎక్కువ వదిలితే గాలి చాలక ఏదీ ఎదగదు. ఇది నాకు పంటలు పోయాక తెలిసినది. పంట పోతే మళ్లీ వేసుకుంటాను. కూతురు ఒక్కతే. నాకు భయంగా ఉంది సార్.

కావున ప్రతి కాలేజీ గేటు మీద ఆ ఒక్కడి ఫోటో పక్కన, వందమంది చేరితే ఎందరికి ఉద్యోగం, ఎంత జీతం అన్నది కూడా రాయించి, అందాకా గడువు పొడిగించి, నా భయమును సైతం చిత్తగించవలెను.

ఓటీపీ ఇంకను ఎవరికీ చెప్పని
తమ విధేయుడు,
హజరత్తయ్య

తా.క.: ఇక్కడినుంచి చేతిరాత, మన్నించాలి. షెడ్డులో రాసిన అర్జీని టైపు చేయించడానికి వేరే దిక్కులేక ఇంటికొచ్చి పుష్పకుమారికే ఇచ్చాను. అయిదో అంశం దాకా టైపు కొట్టి, ఆగింది.

"నాయనా, నువ్వు రొయ్యలేసి ఎన్ని పంటలైంది?"

ఏడు అన్నాను.

"ఎన్నిట్లో మిగిలింది?"

రెండింట్లో.

"మొన్న ఎనిమిదో పంటకి పిల్లని తెచ్చినావే, అప్పుడు భయం కాలేదా?"

నేను జేబులోంచి ఫోను తీశాను. పుష్పకుమారి మాత్రం కావలి కాలేజీని మొదటి ఆప్షనుగా పెట్టింది. ఇదేందమ్మా అంటే, "నిన్న నేనూ రెండు కాలేజీల సీనియర్లకీ ఫోన్లు చేసినా. అద్దాల దాంట్లో ఉద్యోగాలొచ్చింది పదికి ఇద్దురికే. కావలిలో నలుగురికి. నువ్వు పొయ్యి షెడ్డులో దాక్కుంటే ఎవురికి చెప్పేది?" అంది.

గడువు పొడిగించనక్కర్లేదు సార్. ఓటీపీ వచ్చింది. ఆరంకెలూ నేనే చదివాను, తప్పు పోకుండా రెండుసార్లు.