సూది మాట, నా గొంతు

చాండ్లర్, అమెరికా, మంగళవారం రాత్రి

మా అమ్మాయి సునీత కంప్యూటర్‌లో చేసిన కదిలే బొమ్మలకు ఈ రోజు నా చేత మాట చెప్పించింది. షుగర్ ఉన్న మన తెలుగు ముసలివాళ్లకు చూపిస్తారట. రిక్షాలో మైకు పట్టుకుని ఊరంతా సినిమా ప్రచారం చేసినవాణ్ణి, ఈ పనికి నన్ను మించినవాడు ఎవడు?

స్క్రీన్ మీద ఒంట్లోని కణం ఒకటి గుమ్మడికాయలా ఉంది. చుట్టూ చక్కెర పలుకులు తిరుగుతున్నాయి గాని లోపలికి దారి లేదు. ఇన్సులిన్ వచ్చి గోడకు అతుక్కోగానే తలుపులు తెరుచుకున్నాయి, చక్కెర లోపలికి పోయింది.

"నిజంగా ఇలాగే ఉంటుందా?" అన్నాను.

"లోపల చాలా ఇరుకు నాన్నా. కనపడాలని ఎన్నో తీసేశాను. రంగులు కూడా నావే."

"అయితే సగం కల్పనేగా."

"తలుపు మాత్రం నిజం."

చదువు నాకు అంతంతమాత్రం కనుక తను ఒక్కో మాట చెబుతుంటే నేను మైకులో అన్నాను. చివర్లో "డాక్టర్ ఇన్సులిన్ సూది వేసుకోమంటే మానకండి, నేనూ వేసుకుంటున్నాను" అనమంది. నాకూ షుగరే. డాక్టర్ చెప్పినా నేను ఒప్పుకోలేదని తనకు తెలుసు. భయం కాదు, పొడిపించుకోవడం నచ్చదు.

"ఇది కావాలనే పెట్టావు."

"అవును. అబద్ధమైతే తీసేద్దాంలే."

ఆడని సినిమాను ఆడుతుందని నేను ఏనాడూ చాటలేదు. ఆ ఒక్క మాట రేపు చెబుతానని లేచి వచ్చాను.

రేపు పొద్దున ముందు సూది, తర్వాతే మైకు. పొట్టకు వేసుకోవాలని డాక్టర్ అన్నారు. అదొక్కటే కాస్త భయం...